పెట్టె మీద పెట్టిన ఓట్లు

నందిగామ, 1952 ఫిబ్రవరి, గురువారం రాత్రి

పార్లమెంటుకు గెలిచాక ఈరోజే మొదటిసారి వత్సవాయి వెళ్లాను. గెలిస్తే తవ్విస్తానన్న మంచినీళ్ల బావి సంగతి కూలీల పేటలో మరియమ్మ గుర్తు చేసింది.

"మా పేటంతా మీకే వేసామండి అయ్యగారూ. నిలబడ్డోళ్లకి మనిషికో పెట్టె పెట్టారు కదండీ, మీ గుర్తున్న పెట్టె మీద ఓటు కాగితం పెట్టి, దణ్ణం పెట్టుకుని వచ్చేసాం."

"లోపల వేయలేదా?" అన్నాను.

"కన్నంలో పడేస్తే ఏం మర్యాదండీ? మీకు కనపడొద్దూ?"

చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. నేనూ తలూపాను.

తిరిగొస్తుంటే జీపులో మా బావమరిది రంగయ్య ఒకటే నవ్వు. "అవి లెక్కలోకే రాలేదు బావా. పడని ఓట్లకి బావి ఎందుకు?"

తవ్వించాల్సిందేనని నాకు తెలుసు. రేపే చోటు చూస్తానని అతనితో అన్నాను.

ఆ ఓట్లు పోయాయని మరియమ్మకు చెప్పాలా? చెబితే, నన్ను తామే గెలిపించామన్న వాళ్ల సంతోషం పోతుంది. చెప్పకపోతే వచ్చేసారీ పెట్టె మీదే పెడతారు. చెప్పినా, వచ్చేసారి ఓట్ల కోసమే చెప్పినట్టుంటుంది.

ఎల్లుండి ఢిల్లీ ప్రయాణం. రేపు బావికి చోటు చూడటానికి మళ్లీ పేటకు వెళ్లాలి. మరియమ్మ ఎదురొచ్చి నాకు దణ్ణం పెడితే ఏం చేయాలో తెలియడం లేదు.