తుంపరలో టమాటాలు

3 జూలై, గురువారం
బట్టలు రెండు బకెట్లు ఉతికాను. ఆరినవి సున్నా. దోసెల పిండి రుబ్బాను. బీరువా వెనక బూజు తుడిచాను. మేడ మీద టమాటా కుండీలకు కర్రలు కట్టాను.

ఒమన్‌లోని ఈ సలాలాలో ఖరీఫ్, అంటే ఇక్కడి వానాకాలం, మొదలైంది. ఎండ లేదు, సరైన వానా లేదు, పొద్దంతా తుంపరే.

కింది ఫ్లాట్‌లో ఉండే హైదరాబాద్ అక్తరీ ఆపా డబుల్ కా మీఠా పంపింది. బంగారు అంచు పింగాణీ గిన్నె, మూతతో సహా. ఎవరి గిన్నెనైనా ఖాళీగా తిరిగివ్వడం నాకు అలవాటు లేదు. మా కుండీల్లో టమాటాలు పండగానే నింపి ఇస్తానని చెప్పేశాను. ఈ సీజన్లనా, అని ఆపా నవ్వింది. ఆ నవ్వు చూశాక మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

19 జూలై
పూత బాగుంది. పిందె లేదు. తేమకు పుప్పొడి ముద్దకడుతోందట. తేనెటీగలు ఎటూ రావు. పూలగుత్తిని సన్నగా వణికించమని వీడియోలో చెప్పారు. ఇంట్లో వణికే వస్తువు మావారి గడ్డం ట్రిమ్మర్ ఒక్కటే.

20 జూలై
ఆపా బట్టలు తీసుకోవడానికి పైకి వచ్చి చూసింది. ఏం సంధ్యా, చెట్లకు గడ్డం గీస్తున్నవా, నికాహ్ ఉన్నదా వాటికి, అంది.

24 జూలై
ట్రిమ్మర్ చార్జింగ్ మధ్యలో అయిపోయింది. మావారు రైసూత్ ఫ్యాక్టరీలో మేనేజర్ మీటింగ్‌కి ఒక చెంప నున్నగా, ఒక చెంప మాసినట్టుగా వెళ్ళారు. రాత్రి అన్నం దగ్గర, నీ చెట్లు నాకన్న నీట్‌గ ఉన్నయ్, అన్నారు.

6 ఆగస్టు
పిందెలు.

14 ఆగస్టు
ఆకుల మీద గోధుమరంగు మచ్చలు. కింది ఆకులు తుంచేసి, పైన గొడుగులు కట్టాను. ఇంట్లో ఉన్నవి రెండూ. మావారు తడుస్తూ డ్యూటీకి వెళ్ళారు.

ఆపా వచ్చింది. వచ్చే శుక్రవారం వాళ్ళమ్మాయి అస్రాను చూసుకోవడానికి బౌషర్ నుంచి అబ్బాయివాళ్ళు వస్తున్నారట. గిన్నెల సెట్టు ఆరు. ఐదే పెడితే అబ్బాయి తల్లి వంక పెడుతుందట. రెండు సంబంధాలు ఇలాంటి వంకలకే తప్పిపోయాయట. ఖాళీదే ఇయ్యమ్మా, నేనేం అనుకోను, అంది. నేను అనుకుంటాను, అన్నాను. శుక్రవారానికి నిండుగా వస్తుందని మళ్ళీ మాటిచ్చాను.

21 ఆగస్టు
ఒక్క కాయా రంగు తిరగలేదు. నాలుగు రోజుల కిందటే ఒకటి కోసి బియ్యం డబ్బాలో పెట్టి, అరటిపండు తోడుంచాను. అరటిపండు నల్లబడింది. టమాటా అలాగే ఉంది.

మార్కెట్ల ఎర్రయి కొని నింపు, ఎవరికి తెలుస్తది, అన్నారు మావారు. నాకు తెలుస్తుంది.

22 ఆగస్టు, పదకొండు గంటలు
ఆపా మెట్ల మీద నిలబడి ఒకటే మాట, గిన్నె గిన్నె అని. పిందెలు వదిలేసి, ముదిరిన కాయలన్నీ పచ్చివే కోశాను. పచ్చిమిర్చితో మగ్గబెట్టి, నువ్వులతో మిక్సీలో బరకగా తిప్పి, పోపు పెట్టి గిన్నె నింపాను. అప్పటికే గేటు దగ్గర కారు ఆగింది. ఆపా మూత తీసి, యా అల్లా, పచ్చగుందేంది ఇది, అంది. కడిగే టైం లేదు. అలాగే తీసుకెళ్ళి బిర్యానీ పక్కన పెట్టేసింది.

22 ఆగస్టు, సాయంత్రం
అబ్బాయి తల్లి పచ్చడి మళ్ళీ మళ్ళీ వేసుకుందట. ఎవరు చేశారని అడిగితే అస్రా సిగ్గుతో తల వంచుకుందట. పెళ్ళిచూపుల్లో తల వంచుకుంటే ఒప్పుకున్నట్టే కదా. సంబంధం ఖాయం.

గిన్నె చేరింది. కానీ నేను ఇస్తానన్నది పండిన టమాటాలు. అది బాకీనే.

17 సెప్టెంబరు
అబ్బాయి తల్లి ఎల్లుండి మళ్ళీ వస్తోంది. కోడలు పిల్ల చేతి పచ్చడే కావాలట, అదీ ఆమె కళ్ళముందే చేయాలట. అస్రా నేర్చుకోవడానికి వచ్చింది. మేడ మీదికి తీసుకెళ్ళాను. నాలుగు రోజులుగా ఎండ. అన్నీ ఎర్రగా పండి ఉన్నాయి.

కోసి ఆపాకి పట్టుకెళ్ళాను. ఇప్పుడెందుకు పండినయ్ ఇవి, పచ్చియి తే పో, అని తలుపేసుకుంది.

గుమ్మం ముందు పెట్టి వచ్చాను. బాకీ తీరింది.