దొరువుకి మోటారు పెట్టకూడదు

రాజోలు తాలూకా సముద్రపొడ్డు పేటలో కాపురముంటున్న కీర్తిశేషులు అప్పలస్వామి గారి భార్య పైడమ్మ అనే నేను, చెవులూ బుద్ధీ సవ్యంగా ఉండగా, ఎవరూ బెదిరించకుండా, బుజ్జగించకుండా చెప్పి రాయించిన వీలునామా. నాకు పిల్లల్లేరు. నా తదనంతరం ఇది జరిపించే బాధ్యత పోస్టాఫీసు పోలిరాజు గారిది. అడిగితే ఆయ్ అన్నారు.

1. పెంకుటిల్లు, కొబ్బరిచెట్లు మా మరిది కొడుకు కొండబాబుకి సర్వహక్కులతో చెందుతాయి. వాడి మీద నాకు కోపం లేదని రాయకండి, ఉంది. మా ఇసక నేలలో పైన తీపినీళ్లు, వాటి కిందే ఉప్పునీళ్లు. అందుకే నిలువులోతు గుంట తవ్వి, చేదతో కాస్త తోడుకుని, మళ్లీ ఊట వచ్చేదాకా ఆగుతాం. ఆ గుంటనే దొరువంటాం. ఆత్రగాడికి బుద్ధి మట్టు. వాడు వాళ్ల దొరువుకి మోటారు పెట్టి, నీళ్లన్నీ రొయ్యల చెరువులోకి లాగేడు. ఉప్పు పైకొచ్చేసింది. ఇప్పుడు వాడి చూపు నా దొరువు మీద పడింది.

2. వాడి కూతురు కీర్తికి నా ఇత్తడి ముంత. కాలేజీ పిల్ల. ఏ దేశం ఎన్ని నీళ్లు వాడుతుందో, అందులో పరదేశపు నీళ్లెన్నో ఫోన్లో చూపించింది. బియ్యానికీ, రొయ్యకీ పోసిన మన నీళ్లు వాటితోపాటే ఓడెక్కి పోతున్నాయి మామ్మా అంది. ఓసి నా తల్లో! రాజోలు దాటని నాకంటే మా ఊరి నీళ్లే నయం, దేశాలు తిరిగేయి. నవ్వేను గానీ, అది వెళ్లేక ఏడుపొచ్చింది.

3. మా ఆయన పడవ తెడ్డు ఎవరికీ ఇవ్వను. నాతోనే పంపించెయ్యండి.

4. దొరువు, దాని చుట్టూ ఉన్న సెంటున్నర నేల, దారితో సహా, పక్కింటి పెద్దింట్లమ్మకి. మోటారు పెట్టకూడదు, అమ్మకూడదు, అడిగినవాళ్లకి లేదనకూడదు. రాసే ఆయన కలం ఆపేరు. మా ఇద్దరికీ మాటల్లేవని ఊరంతటికీ తెలుసు మరి. ఊట తేరకముందే చేద వేసిందని నేనొకటంటే ఆవిడ నాలుగంది. అంతే, మూతులు ముడుచుకున్నాం.

ఒకప్పుడు పేట ఆడాళ్లంతా నా పెరట్లోనే ఉండేవారు. ఆటో మీద క్యాను నీళ్లొచ్చేయి, వీళ్లు మానేసేరు. పెద్దింట్లమ్మ ఒక్కతే తెల్లారగానే వస్తుంది. నా వైపు చూడదు, నేనూ తలెత్తను. కానీ ఆ చేద చప్పుడు వినపడితేగాని నేను పొయ్యి వెలిగించను. రోజు మొత్తంలో నా ఇంట మనిషి అలికిడి అదొక్కటే. మొన్న ముసురుకి ఆవిడ రాలేదు. నాకు అన్నం వండుకోబుద్ధి కాలేదు.

5. చావు జరిగిన ఇంటి నీళ్లు ముట్టరు. అందుకని రాయిస్తున్నాను: నా ఊపిరి ఆగిన క్షణమే దొరువు పెద్దింట్లమ్మది. మా ఇంటి మైల దానికి అంటదు. మర్నాడు కూడా ఆవిడ రావాలి. నాతో మాట్లాడక్కర్లేదు. పోలిరాజు గారూ, ఆ చేద చప్పుడు అయ్యేదాకా నన్ను ఇంట్లోంచి బయటికి తియ్యకండి.

తేదీ: 14 నవంబరు 2025
పైడమ్మ వేలిముద్ర
సాక్షులు: యాకోబు, హేమ
రాసినవారు: నాగదుర్గాప్రసాద్, దస్తావేజు లేఖరి