అరచేయంత చెట్టు

మీరు అంటించిన కాగితంలో ఉన్నట్టే చేసినందుకు మా అక్కను పనిలోంచి గెంటేశారు, మేనేజర్ గారూ. అక్కంటే తోడబుట్టింది కాదు, నా పక్క మిషన్ మీద పంతొమ్మిదేళ్లుగా మీ కంపెనీ చొక్కాలకు కాలర్లు కుడుతున్న మనిషి.

వేసవి సెలవులయ్యాక మేం తిరిగొచ్చేసరికి గోడ మీద ఆ కాగితం ఉంది. మనసు దిగులుగా ఉంటే చిన్న చిన్న ఆనందాలు వెతుక్కోవాలట. టీ నెమ్మదిగా తాగాలట. రోజూ ఐదు నిమిషాలు పచ్చని చెట్టును చూడాలట. అక్కకు చదువు రాదు. షాపుల బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్న నా చదువుతో నేనే వినిపించాను.

"చెట్టెక్కడుందిరా? మన కళ్ళు బయటికి పోతున్నాయని సెలవుల్లో కిటికీ అద్దాలన్నిటికీ తెల్లరంగు పూసేశారుగా!" అని నవ్వింది. టీ బెల్లు మోగాక కత్తెర మొనతో అరచేయంత మేర రంగు గీకి చూసింది.

"ఒరేయ్, చెట్టు బతికే ఉందిరా!"

అంతే. సూపర్‌వైజర్ వచ్చి, "కంపెనీ సొమ్ము పాడుచేశావ్, ఇంటికి నడువ్" అన్నాడు. ఆమె సంచీ భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది. ఇదేమిటని సూపర్‌వైజర్‌ను అడిగితే, మీరే పంపెయ్యమన్నారని అన్నాడు.

పుండు మీరు చేసి, మందు గోడకు అంటిస్తారా? అది చదివి వినిపించింది నేను. తప్పంటే నన్ను పంపాల్సింది.

శుక్రవారం మొదటి బెల్లుకల్లా అక్క తన మిషన్ ముందు ఉండాలి. కుదరదంటే, ఎందుకు కుదరదో రాసి, సంతకం పెట్టి, ఆలోపే నా చేతికివ్వండి. అందరికీ గట్టిగా చదువుతాను.