రెండు కళ్ళూ ఫోకస్‌లో

అమ్మకు,

నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ నేనూ, నీ కోడలూ, మన బుడంకాయా కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ, పిన్నీ, మీ ఇద్దరి కుట్టుమిషన్లూ కూడా మొరాయించకుండా నడుస్తున్నారని తలుస్తాను. జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకు. నువ్వడిగిన మిగతా సంగతులకైతే ఆ పూటే రాసి పడేసేవాణ్ణి. ఒక్కదానికే ఇంత సమయం పట్టింది. "కోడలు ప్రతి ఫొటోలోనూ పక్కకే చూస్తోందేం? నా మీద కోపమా? మొహం చూపించడం ఇష్టం లేనివాళ్ళింటికి నేను రాను" అని రాశావు కదా. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది. తను రాయమంటేనే రాస్తున్నాను. నీ దగ్గర దాచిన విషయం ఒకటి ఉంది, దానికి కాస్త మెల్లగా వస్తాను.

ముందు తేలికవి. దగ్గు పూర్తిగా తగ్గింది. రోడ్డు మీద బోర్లా పడుకుని ఫొటోలు తీయడం మానేశావా అని అడిగావు. మానేశానని చెబితే నువ్వెలాగూ నమ్మవు. పోయినవారం వాన వెలిశాక, బేకరీ ముందు నిలిచిన నీళ్ళలో వీధి మొత్తం తలకిందులుగా కనబడింది. ఆ షాపులో తూకం యంత్రం సరిచేసి బయటికి వచ్చానేమో, పనిముట్ల సంచిలో కెమెరా ఉండనే ఉంది. పడుకుని గురి చూస్తున్నాను. నేను కళ్ళు తిరిగి పడిపోయాననుకుని బేకరీ ఆయన చెంబుడు నీళ్ళు తెచ్చి నా మీద కుమ్మరించాడు. నేను లేచి మొహం సంగతి వదిలేసి ముందు లెన్సు తుడుచుకున్నాను. అది చూసి ఆయనకు నా మీద ఇంకాస్త అనుమానం వచ్చింది. ఇప్పుడు ఆయన యంత్రం చెడిపోతే ఇంకో మనిషిని పంపమని మా ఆఫీసుకి ఫోన్ చేస్తున్నాడట.

ఇంకో లెన్సు కొన్నావా అని కూడా అడిగావు. కొనలేదు. నా దగ్గరున్నది అదే పాతది, కెమెరాలు బాగుచేసే తాతగారు తన షాపులో వెతికి ఇచ్చింది. దీంతో దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాక్కోవడం కుదరదు, మనమే లేచి దగ్గరికి నడవాలి. కానీ దాని పనితనం చూస్తే ముద్దొస్తుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు నువ్వు కళ్ళు చికిలిస్తావు చూడు, అప్పుడు దారమూ సూదీ రెండూ స్పష్టంగా కనబడతాయి. లెన్సులో కూడా ఒక కన్నం ఉంటుంది. దాన్ని చిన్నది చేస్తే ముందున్నవీ వెనకున్నవీ అన్నీ స్పష్టంగా వస్తాయి. బార్లా తెరిస్తే మనం గురిపెట్టిన చోటొక్కటే స్పష్టంగా వచ్చి మిగతాదంతా మసగ్గా కరిగిపోతుంది. నేను ఎప్పుడూ బార్లా తెరిచే తీస్తాను. మా ఇంటి గోడ మీద నీళ్ళ పైపులూ, ఆరేసిన బట్టలూ, ఊడిపోయిన స్విచ్ బోర్డూ అన్నీ కరిగిపోయి, వెనకాల పట్టు పరిచినట్టు ఉంటుంది. నువ్వు నీ కుట్టు షాపు గోడకు అంటించుకున్న ఫొటోలన్నీ అలా తీసినవే.

నీది బట్టలు కుట్టే కన్ను. వంకర కుట్టు గదికి ఆ చివర నుంచే పట్టేస్తావు. కోడలి కుడి భుజమే ఎప్పుడూ ముందుకుంటుందని కనిపెట్టింది నువ్వొక్కదానివే. ఇక్కడ మా ఫొటోగ్రాఫర్ల క్లబ్బులో వాళ్ళంతా ఆ వెలుగునీడల్ని పొగిడారే తప్ప ఒక్కరూ ఆ మాట అడగలేదు.

అసలు సంగతి ఇది. పురుడు అయ్యాక నువ్వు మాతో ఉండి, పిల్లకు నీళ్ళు పోయడం మాకు నేర్పి, షాపు చూసుకోవడానికి వెళ్ళిపోయావు. నువ్వు వెళ్ళిన కొద్ది రోజులకే ఒక పొద్దున నీ కోడలు నోరు పుక్కిలిస్తుంటే ఎడమ పక్క నుంచి నీళ్ళు కారిపోయాయి. పంటి వాపేమో అనుకుంది. అద్దంలో చూసుకుంటే ఎడమ కన్ను మూతపడటం లేదు, మూతి కుడి పక్కకు లాగేసింది. నేను ఎంత భయపడ్డానో రాయలేను. పిల్లను ఎదురింటివాళ్ళకిచ్చి ఆస్పత్రికి పరిగెత్తాం. మొహంలో ఒక నరం వాచిందనీ, ప్రాణానికేమీ కాదనీ, చాలామందికి కొన్ని నెలల్లో పూర్తిగా నయమవుతుందనీ, కొందరికి మాత్రం కాస్త మిగిలిపోతుందనీ డాక్టరమ్మ చెప్పింది. మాత్రలూ, కంట్లో చుక్కలూ ఇచ్చింది. పడుకునేటప్పుడు కంటి రెప్పను నేనే టేపుతో మూసేవాణ్ణి.

"అత్తయ్యకు రాయకండి. మొన్ననే వెళ్ళారు, మళ్ళీ షాపు మూసేసి పరిగెత్తుకొస్తారు. నయమయ్యాక నేనే చెప్పుకుంటాను" అంది. సరేనన్నాను. అమ్మా, చాలావరకు నయమైంది. ఊరికే కూర్చుంటే ఎవరికీ తెలియదు. కానీ తనకు కొంత మిగిలిపోయింది. నవ్వితే కుడి పక్క మూతి పైకి వెళుతుంది, ఎడమ పక్క కదలదు, ఎడమ కన్ను మాత్రం సగం మూసుకుంటుంది. ఇక ఇంతేనని డాక్టరమ్మ తేల్చేసింది.

నీ కోడలి ఉద్యోగం నీకు తెలుసు కదా, స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ళ రాకపోకలు చెప్పడం. పెదాలు కలిస్తే గానీ 'ప'లూ 'బ'లూ 'మ'లూ పలకవు. ఆ రోజుల్లో తను 'ప్లాట్‌ఫారం' అంటే గాలే వచ్చేది. పై ఆఫీసరు మంచి మనిషే. రికార్డు చేసిన గొంతు పెట్టుకుంటామనీ, తనను లోపల కాగితాల పనిలో వేస్తామనీ అన్నాడు. తను ఒప్పుకోలేదు. సెలవు అయిపోయేదాకా ఆగండి అంది. ఇక చూడు, వంట చేస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా, ఎడమ బుగ్గను వేలితో పైకి పట్టుకుని రైళ్ళ పేర్లు చదవడమే. వినేది ఉయ్యాల్లో ఉన్న బుడంకాయ ఒక్కతే. చివరికి దానికి అదే జోలపాట అయిపోయింది. ఏదో ఒక రైలు ఆలస్యంగా నడుస్తోందని చెబితే గానీ ఇప్పటికీ నిద్రపోదు.

తను తిరిగి పనిలో చేరిన రోజు నేను కెమెరా మెడలో వేసుకుని స్టేషన్‌కి వెళ్ళాను. స్తంభం పక్కన నిలబడ్డాను. పైనుంచి తన గొంతు వచ్చింది. ఒక్క అక్షరం తడబడలేదు. చుట్టూ జనం పెట్టెలు మోసుకుంటూ ఎవరి హడావుడిలో వాళ్ళున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఫొటో తీయాలన్న ధ్యాసే రాలేదు. ఇంత ధైర్యం ఉన్న మనిషి నన్ను ఎందుకు చేసుకుందా అని మాత్రం అనిపించింది.

మరి ఇంటి దగ్గర నా కెమెరా చేసిందేమిటంటే, తనను కుడి చెంప కిటికీ వైపు వచ్చేలా కూర్చోబెట్టడం. ఎడమ పక్క నీడలోకి పోయేది. గడ్డం కాస్త తిప్పమనేవాణ్ణి. కన్నం బార్లా తెరిచి, కుడి కంటికి గురిపెడితే ఎడమ కన్ను మసకలో కలిసిపోయేది. అన్నిటికన్నా పెద్ద కిటుకు, నవ్వు రాబోతున్న క్షణాన్ని పట్టుకుని, అది రాకముందే నొక్కేయడం. అందులో నా చెయ్యి బాగా తిరిగింది. అలా తీయమని తను అడగలేదు, అందుకే తీస్తున్నానని నేనూ చెప్పలేదు. తనను బాధపెట్టకుండా చూసుకుంటున్నాననే అనుకున్నాను.

నీ ఉత్తరం తనే ముందు చదివింది. బీరువాలో ఉన్న ఫొటోలన్నీ తెచ్చి నేల మీద పరిచింది. ఒక్కొక్కటే చూసింది. బుడంకాయ వాటి మీద నుంచి పాకుతూ పోతుంటే కూడా వద్దనలేదు.

"బాగున్నాయండీ, ఒక్కటీ వంక పెట్టేలా లేదు. కానీ ఇది పెద్దదయ్యాక ఇవన్నీ చూసి, మా అమ్మ ఎప్పుడూ నవ్వేదే కాదు కాబోలు అనుకుంటుంది" అంది.

అంత కష్టపడి తీసిన ఫొటోలన్నీ ఒక్క మాటతో వెలవెలబోయాయి.

తరవాతి సెలవురోజు పొద్దున్నే తనే స్టూలు లాక్కుని కిటికీకి ఎదురుగా కూర్చుంది. నేను అలవాటుగా వెలుగు సర్దడానికి తెల్ల అట్ట పట్టుకొచ్చాను. అక్కర్లేదంది. అయినా నా చెయ్యి ఊరుకుంటేనా, గడ్డం తిప్పడానికి దానంతటదే ముందుకెళ్ళింది. తను ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"ఆ వైరు బటన్ నాకివ్వండి. మీరైతే నేను నవ్వకముందే నొక్కేస్తారు."

కెమెరాకు తగిలించి దూరం నుంచి నొక్కే వైరు ఒకటి ఉంటుందమ్మా, దాని సంగతి. ఇచ్చేశాను. అప్పుడు నాకు మిగిలిన పని ఒక్కటే, రెండు కళ్ళూ స్పష్టంగా వచ్చేలా చూడటం. కన్నం బాగా చిన్నది చేశాను. అలా చేస్తే వెలుగు తక్కువ పడుతుంది, కెమెరా కదలకూడదు. అందుకని కెమెరా నిలబెట్టే ముక్కాలి స్టాండు మీద ఆరేసిన బుడంకాయ గౌన్లు తీసి, కెమెరా బిగించి, పక్కకు తప్పుకున్నాను. తను పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. అది వైరును చూసి ఊరుకుంటుందా, నోట్లో పెట్టుకుని లాగింది. తను నోరారా నవ్వుతూ నొక్కింది. నన్ను పిలవకుండా, నా సలహా అడగకుండా, తోచినప్పుడల్లా నొక్కింది.

ఫొటో కాగితం మీదికి వచ్చాక చూశాను. పైపులూ, తీగ మీది తువ్వాళ్ళూ, స్విచ్ బోర్డూ అన్నీ సుబ్బరంగా కనబడుతున్నాయి. మధ్యలో తను, ఎదురుగా, మూతి కుడి పక్కకు వెళ్ళిపోయి, హాయిగా నవ్వుతోంది. ఇంత అందగత్తెను నేనింతకాలం సగమే చూపించాను.

తరవాత ఒళ్ళో ఉన్న పిల్లను చూసి, ఫొటోను వెలుగులోకి పట్టుకెళ్ళి మళ్ళీ చూశాను. దాని మూతి కూడా కుడి పక్కకే వెళ్ళింది. ఎడమ కన్ను సగం మూసుకుంది. తనకు చెప్పకుండా పిల్లనూ ఫొటోనూ తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఫొటో చూసింది. పిల్లను కాస్త ఏడిపించింది. ఏడుపు రెండు పక్కలా సమానంగా, వీధి చివరకు వినబడేలా వచ్చింది.

"పిల్లకేమీ లేదు బాబూ. నవ్వడం వాళ్ళమ్మను చూసి నేర్చుకుంది, అంతే" అంది.

నాకు తప్పుగా కనబడి దాస్తూ వచ్చిన నవ్వునే మన బుడంకాయ నవ్వంటే ఇదేననుకుని నేర్చేసుకుందమ్మా. ఇంటికొచ్చి చెబితే నీ కోడలు పిల్లను దగ్గరికి తీసుకుని ఏడ్చింది. వెంటనే అది నవ్వేసరికి తనూ నవ్వింది. ఇద్దరూ ఒకేలా నవ్వారు. తను నొక్కిన ఆ ఫొటోనే దీంతో పంపుతున్నాను. పాతవి తీసేసి ఇది పెట్టుకో.

తనకు నీ మీద కోపం లేదు. నువ్వు రావాలనే ఉంది. నేనిది రాస్తుంటే పక్కనే నిలబడి చదువుతోంది. తన మాట ఒకటి ఉన్నదున్నట్టు రాయమంటోంది: "అయ్యో అనేదేదో అక్కడే అనేసుకుని రమ్మనండి. ఇక్కడికొచ్చాక పిల్ల ఒక్క నిమిషం కూడా నవ్వకుండా ఉండనివ్వదు."

ఇట్లు,
వీధుల్లో పడుకునే నీ పెద్దబ్బాయి