జర పైలం

మంగళవారం, రాత్రి

నిన్న ఇక్కడ "ప్లాట్ల యాదగిరి ఊరికే పలకరించి పోయాడు" అని రాశాను. అది తప్పు. గండిపేట దిక్కు కంప్యూటర్ కంపెనీలు లేచినప్పటి నుంచి మా ఊరు చిన్న మంగళారానికి ఊరికే వచ్చినవాడు ఒక్కడూ లేడు. వాడికి కావలసింది బావి ఉన్న నా పొలం. నేను సంతకం పెట్టనన్నాను.

సాయంత్రం మళ్లీ వచ్చాడు. నా మోకాళ్ల నొప్పుల గురించి కన్నకొడుకు కూడా అడగనంత ప్రేమగా అడిగాడు.

"తొందరేం లేదవ్వా, నీ ఇష్టమున్నప్పుడే," అన్నాడు. తొందర లేనివాడు రోజూ వచ్చి ఆ మాట చెప్పడు. గుమ్మం దాటి వెనక్కి తిరిగాడు.

"రేపటి సంది బాయికాడికి ఒక్కదానివే పోతవట గదా? ఆ ఒడ్డు జారుతది. జర పైలం."

పైలం అనేది ఇంట్లో ఉన్నవాళ్లు బయటికి పోయేవాళ్లకు చెప్పే మాట. వాడు పోతూ పోతూ, ఇంట్లో కూర్చున్న నాకు చెప్పాడు.

"నీ మంచికే చెప్పిండమ్మా," అన్నాడు మా అబ్బాయి నర్సింహులు, నా మొహం చూడకుండా.

రోజూ నాతో బావికి వచ్చేది వీడే. "రేపటి సంది నాకు పనున్నది, నువ్వే పోయి మోటార్ వెయ్యి," అని పొద్దున అన్నదీ వీడే. అప్పుడు వంటింట్లో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. మరి యాదగిరికి...

రేపు పక్కింటి సత్తెమ్మను తోడు తీసుకుపోవాలి. ఎందుకని అడిగితే, వంకాయలు బాగా కాశాయి, తెంపుకుందాం రమ్మనాలి. సంచి మర్చిపోకూడదు.