బావగారి గొంతు

బావగారూ,

కాలు పెట్టకముందే చేతికి తగలాలని దీన్ని మీ బూటులో దూర్చాను. యూనివర్సిటీకి బయల్దేరే ముందే చదవండి.

పొద్దున మీరు స్నానం చేస్తుంటే రిజిస్ట్రారు ఫోన్ చేశాడు. "మీ కథలో వీసీ గారిని వెక్కిరించినందుకు ఇవాళ క్షమాపణ రాసి తెస్తారా, ఉద్యోగం వదులుకుంటారా?" అన్నాడు. నేనే మీరనుకున్నాడు. మీ పెళ్లినాటి నుంచి మీ గొంతుతో మాట్లాడి అందర్నీ నవ్విస్తున్నవాణ్ణి, నోరు ఊరుకోలేదు. మీలాగే ఓసారి దగ్గి, "రాయనండీ. ఆ కథలో ఒక్క అక్షరం తీసెయ్యను" అని పెట్టేశాను.

తిట్టండి. పదో తరగతి గట్టెక్కని వెధవ, పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషి ఉద్యోగంతో ఆడుకున్నాడనండి.  

ఇంకా చెయ్యి దాటిపోలేదు. రాత్రి మీరు రాసిన క్షమాపణ చొక్కా జేబులోనే ఉందిగా. అది ఇచ్చేసి, ఫోన్లో మాట్లాడింది మా తిక్క బావమరిది అని చెప్పండి. నమ్మకపోతే నన్ను పిలిపించండి, వీసీ ఎదురుగానే మీలా దగ్గి చూపిస్తాను.

కానీ ఒకటి చెప్పాలి. ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది. నన్ను చూడగానే వాడిపోయింది.

"నువ్వట్రా! మీ బావ అనుకున్నాను" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడూ అక్కడే ఉంది. ఇవాళ ఏం చేస్తారో, వెళ్లేముందు మీ గొంతుతో మీరే అక్కకి చెప్పండి.

మీ బావమరిది