కొళాయి చప్పుడు

వదినకు,

కోపం తెచ్చుకోకుండా చదవండి. ముఖాముఖి అడిగే ధైర్యం లేక రాస్తున్నాను.

పొద్దుటిపూట పాపని మీ దగ్గర వదలడం మొదలుపెట్టి నెలయింది. ఈమధ్య అది నా ముందు ఏడవడం మానేసింది. మొన్న కుర్చీ మీంచి పడింది. పెదవి వణికింది గానీ నోరు విప్పలేదు. తిన్నగా స్నానాల గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని నవ్వుతూ వచ్చింది. రెండున్నరేళ్ళ పిల్ల వదినా! ఎవరూ భయపెట్టకుండానే ఇలా చేస్తుందా? "ఎంత బుద్ధిమంతురాలో, అస్సలు పేచీ పెట్టదు" అని మీరు మురిసిపోయినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అన్నయ్యకి చెప్పలేదు. నిజం చెప్పండి, అది ఏడిస్తే మీరేమంటున్నారు?

ఇంతవరకు రాశాక ఫోన్ మోగింది. నా ఉద్యోగం తెలుసుగా, పొద్దున ఆఫీసులో, మధ్యాహ్నం నుంచి ఇంట్లో కూర్చుని కంపెనీ తరఫున జనం చేత తిట్లు తినడం. ఈసారి ఒకాయన మా అమ్మని కూడా వదల్లేదు. "క్షమించండి సార్" అని పెట్టేసి, ఎప్పటిలాగే స్నానాల గదిలోకి వెళ్ళి కొళాయి తిప్పాను.

తలుపు అవతల నుంచి పాప గొంతు వినిపించింది. "అమ్మా, అయిపోయిందా? మొహం కడుక్కో."

వదినా, పైన రాసింది కొట్టేయడం లేదు. మీ గురించి ఎంత తప్పుగా అనుకున్నానో మీకు తెలియాలి. రేపు కూడా పాపని పంపుతాను. ఏడిస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏడవనివ్వండి. తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు నేనూ కాసేపు మీ దగ్గర కూర్చుంటాను.

మీ ఆడపడుచు